గురిచెక్క చుట్టూ ఒక ఊరు

భూటాన్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లలో తక్త్సంగ్ మఠం ఉంటుంది, పునాఖా కోట ఉంటుంది, దోచులా కనుమ దగ్గర బారులు తీరిన 108 స్తూపాలు ఉంటాయి. ఆ దేశపు జాతీయ క్రీడ మాత్రం అరుదుగా కనిపిస్తుంది. టూరు ప్యాకేజీల్లో దానికి చోటు తక్కువ. ఊళ్లో జరిగే పందేనికి టికెట్టు ఉండదు, ఫలానా గంటకు మొదలవుతుందని చెప్పే బోర్డు ఉండదు. ఆట ఉందంటే ఉంటుంది, లేదంటే లేదు. నేను అంత దూరం వెళ్లింది ఆ ఆట చూడటానికే. ఆటగాళ్లను చూడాలన్న కోరిక కన్నా, ఆ ఆటను తమ ఖర్చుతో, తమ వంటతో, తమ పాటతో నడిపించుకునే ఊరి జట్లను చూడాలన్న కోరికే ఎక్కువ.

రైల్లో న్యూ జల్పాయిగురి దాటాక టీ తోటల మధ్యలో హాసిమారా వస్తుంది. అక్కడ దిగి జైగావ్ చేరితే, గోడకు ఇటువైపు మన దేశం, అటువైపు ఫుంట్‌షోలింగ్. ఇటు హారన్లు, అటు నిశ్శబ్దం. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చూపించి అనుమతి పత్రం తీసుకున్నాం. భారతీయులు రాత్రికి 1,200 రూపాయల చొప్పున రుసుము కట్టాలి. అక్కడి నుంచి తింఫూకు దాదాపు 150 కిలోమీటర్లు, దారిలో చాలా భాగం ఎక్కుడే. గేదూ దగ్గర పొగమంచు కారు అద్దాన్ని కమ్మేసింది. చుజోమ్ దగ్గర పారో నది, వాంగ్ నది కలిసే చోట మూడు స్తూపాలున్నాయి. ఒకటి నేపాలీ పద్ధతి, ఒకటి టిబెటన్ పద్ధతి, ఒకటి భూటానీ పద్ధతి. ఆ దారి గురించి ఇంతకన్నా రాయను. రాసినవాళ్లు చాలామంది ఉన్నారు.

మా డ్రైవరుకు ముప్పై అయిదేళ్లుంటాయి. హిందీ ధారాళంగా మాట్లాడతాడు. బయల్దేరిన కాసేపటికే "ఏం చూడాలని వచ్చారు సార్?" అని అడిగాడు. విలువిద్య అన్నాను. అంతసేపూ మర్యాదగా ముక్తసరిగా మాట్లాడుతున్న మనిషి ఒక్కసారిగా స్టీరింగు మీద చెయ్యి చరిచాడు. "నేనూ ఆడతాను సార్, మా ఊరి జట్టుకి!" తింఫూ చేరేలోపు తన విల్లు సంగతి, తన అన్న విల్లు సంగతి, పోయినేడు పక్క ఊరి జట్టు చేతిలో ఓడిపోయిన సంగతి మొత్తం చెప్పాడు. పారో లోయలో తన మేనమామ ఊళ్లో పందెం ఉందని, ముందు తింఫూలో చాంగ్లిమిథాంగ్ మైదానం చూపించి తర్వాత అక్కడికి తీసుకెళ్తానని తనే నిర్ణయించేశాడు.

చాంగ్లిమిథాంగ్ పేరు భూటాన్ చరిత్ర పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉంటుంది. 1885లో ఉగ్యెన్ వాంగ్‌చుక్ తన ప్రత్యర్థులను ఓడించింది అక్కడే. ఆ గెలుపు తర్వాతే ఆయన దేశం మొత్తానికి పెద్దయ్యాడు, 1907లో మొదటి రాజయ్యాడు. యుద్ధం జరిగిన ఆ నేల మీదే ఇప్పుడు జాతీయ స్టేడియం, దాని పక్కన విలువిద్య మైదానం ఉన్నాయి. మేం వెళ్లిన మధ్యాహ్నం ఆఫీసు ఉద్యోగుల జట్లు రెండు ఆడుతున్నాయి. అందరూ గో వేసుకున్నారు. గో అంటే మోకాళ్ల దాకా వచ్చే, నడుముకు పట్టీ బిగించిన అంగరఖా. పందెంలో దిగాలంటే జాతీయ దుస్తులు వేసుకోవాల్సిందే. చేతుల్లో మాత్రం అమెరికాలో తయారైన కాంపౌండ్ విళ్లు. కప్పీలు, తీగలు, గురి చూసుకునే భూతద్దంతో అదొక యంత్రంలా ఉంటుంది.

ఈ చివర నిలబడి ఆ చివరనున్న గురిచెక్క కోసం వెతికాను. కనపడలేదు. డ్రైవరు నా భుజం మీదుగా వేలు చాచి చూపించాక, మట్టిగోడ ముందు సన్నగా నిలబెట్టిన చెక్క ఒకటి కంటికి ఆనింది. మూడడుగుల పైచిలుకు ఎత్తు, జానెడు కన్నా కాస్త ఎక్కువ వెడల్పు. దాని మీద రంగుల వలయాలు. దూరం దాదాపు 145 మీటర్లు. ఒలింపిక్స్‌లో విలుకాడు గురిపెట్టేది 70 మీటర్ల దూరంలో ఉన్న 122 సెంటీమీటర్ల వృత్తానికి. అంటే వీళ్ల దూరం రెట్టింపు, వీళ్ల లక్ష్యం వెడల్పు నాలుగో వంతు. గాలి కూడా లోయలో ఒక పక్క నుంచి మొదలై ఇంకో పక్కకు తిరుగుతుంది. ఇన్ని ఉన్నా ఆ మధ్యాహ్నం చెక్కకు బాణాలు తగులుతూనే ఉన్నాయి.

ఆశ్చర్యం దూరం దగ్గర ఆగలేదు. ఆ చెక్కకు ఇరువైపులా మనుషులు నిలబడి ఉన్నారు! ముందుకు వచ్చిన మనిషి విల్లు ఎక్కుపెడుతుంటే, ఎదుటి జట్టువాళ్లు చెక్క పక్కనే చేతులూపుతూ కేకలు వేస్తున్నారు. వాడి గురి చెడగొట్టడానికి. సొంత జట్టువాళ్లు కూడా అక్కడే నిలబడి ఉత్సాహపరుస్తున్నారు, ఎంత పక్కకు పోయిందో చేతి సైగలతో చూపిస్తున్నారు. బాణం వదిలాక ఒక క్షణం ఉండి చెదురుతున్నారు. కాంపౌండ్ విల్లు వదిలిన బాణం కంటికి ఆనదు. టప్పుమని చప్పుడు వినిపించాకే అది వచ్చిందని తెలుస్తుంది. ప్రమాదాలు జరుగుతుంటాయని డ్రైవరు దాచకుండా చెప్పాడు. నాకైతే అక్కడున్నంతసేపూ గుండె గొంతులోనే ఉంది.

పారో వెళ్లింది మర్నాడు. వరి కోతలు అయిపోయాయి. మళ్లలో కుప్పలు, ఇళ్ల పైకప్పుల మీద ఎండుతున్న మిరపకాయలు. పనులు తెరిపిన పడే ఈ రోజుల నుంచి లోసార్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం, వెళ్లే దాకా ఊళ్లలో విల్లు పందేల కాలం. ఊరికి ఊరికి మధ్య పందెం, ఒకే ఊళ్లో పైవాడకూ కిందివాడకూ పందెం, పెళ్లయినవాళ్లకూ కానివాళ్లకూ పందెం. పిలిచిన జట్టు ఆతిథ్యం ఇస్తుంది, వచ్చిన జట్టు తర్వాత తమ ఊరికి పిలిచి బాకీ తీర్చుకుంటుంది. ఏ క్రీడా శాఖ క్యాలెండరులోనూ లేని ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే ఆ ఆట నిలబడి ఉంది.

ఊరి మైదానాన్ని బాచో అంటారు. నదీతీరాన రాళ్లు ఏరేసి చదును చేసిన పొడవాటి నేల. రెండు చివర్లా ఒక్కో గురిచెక్క, వెనక మట్టికట్ట. ఒక పక్క వరసగా గుడారాలు. మేం చేరేసరికి పొద్దున ఎనిమిదవుతోంది. అప్పటికే దేవదారు జాతి కొమ్మలు కాల్చిన ధూపం పొగ మైదానం మీద తేలుతోంది. ముందురోజు రాత్రి జట్టువాళ్లు ఇళ్లకు పోకుండా ఒకే చోట పడుకున్నారు. భార్యల దగ్గరకు పోకూడదన్నది నియమం. ఊరి దేవతకు నైవేద్యం పెట్టారు. ఏ దిక్కు నుంచి మైదానంలోకి అడుగుపెట్టాలో, ఎవరు ముందు బాణం వేయాలో జ్యోతిష్కుణ్ణి అడిగి తెలుసుకున్నారు. ఈ జ్యోతిష్కుణ్ణి వాళ్లు సిప్ అంటారు. ఎదుటి జట్టు కూడా తమ సిప్‌ను అడిగే వచ్చింది కాబట్టి ఆ పొద్దున మైదానంలో ఇద్దరి బలాలూ సమానమే అన్నమాట!

"కుజు జంగ్‌పో లా" అంటూ డ్రైవరు మేనమామ ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి. బుగ్గలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి, నోరు నిండా దోమా. దోమా అంటే వక్క, తమలపాకు, సున్నం. మన కిళ్లీ అలవాటు ఉన్నవాళ్లకు భూటాన్‌లో దిగులు అక్కర్లేదు, వక్క మాత్రం పచ్చిది, ఘాటు తలకెక్కుతుంది. ఆయన చేతిలో ఉన్నది కాంపౌండ్ విల్లు కాదు. వెదురు విల్లు. నన్ను చూసి దాన్ని నా ముందుకు చాచాడు, తాకి చూడమని.

రెండు వెదురు బద్దలను మధ్యలో, పిడి దగ్గర, ఒకదాని మీద ఒకటి పెట్టి కట్టిన విల్లు అది. ఏళ్ల తరబడి చెయ్యి రాపిడికి పిడి నల్లబడి నున్నగా మెరుస్తోంది. వెదురు కణుపులు అలాగే ఉంచారు, చెక్కేయలేదు. పూర్వం నారి కూడా అడవిలో దొరికే దురదగొండి జాతి మొక్క నారతో పేనేవారు. బాణం కూడా వెదురుదే, ఈకలు కట్టి, మొన ఇనుముతో. అన్నీ ఊళ్లోనే తయారవుతాయి. ఆయన దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని పక్కనే ఉన్న రాతికి ఆనించకుండా, గోడ మీద పరిచిన గుడ్డ మీద పెట్టాడు. ఎవరూ దాని మీదుగా దాటకూడదు. ఆడవాళ్లు తాకకూడదని కూడా అంటారు. ఈ రెండో నియమం గురించి తర్వాత చెబుతాను.

జట్టుకు పదకొండుమంది. ఒక్కొక్కరు రెండేసి బాణాలు. అందరూ ఒక చివర నుంచి వేయడం అయ్యాక, నడిచి అవతలి చివరకు వెళ్లి ఇటువైపు వేయాలి. చెక్క మధ్యలోని వలయానికి తగిలితే మూడు, చెక్కకు ఇంకెక్కడ తగిలినా రెండు, తగలకుండా చెక్క పక్కన బాణం పొడవు దూరంలోపు నేలలో దిగితే ఒకటి. ముందుగా 25 చేసిన జట్టుకు ఒక ఆట. మూడింట రెండు గెలవాలి. చెప్పడానికి ఇంతే. కానీ పొద్దున మొదలైన పందెం మసక చీకటి పడేదాకా సాగుతుంది. మధ్యలో ఎన్ని జరుగుతాయో!

వెదురు బాణాన్ని చూడొచ్చు. అదే దాని అందం. విల్లు కొనను ఆకాశం వైపు ఎత్తి వదులుతారు. బాణం పైకి లేస్తుంది, కొండ నీడలో ఒక్కసారి మాయమవుతుంది, ఎండలోకి వచ్చి తళుక్కుమంటుంది, తర్వాత వంగి దిగుతుంది. అంతసేపు మైదానం మొత్తం తల తిప్పుతూ దాన్నే చూస్తుంది. పిల్లలు, ముసలివాళ్లు, గంటె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడిన ఆడవాళ్లు, అందరూ. చాంగ్లిమిథాంగ్‌లో నేను చూసిన వేగం కన్నా ఈ నిదానమే నాకు నచ్చింది. ఆ వేగానికి చూసేవాడితో పని లేదు. ఈ బాణం ఎగిరినంతసేపూ చూసేవాడు కూడా దానితోపాటే ఉంటాడు.

నాలుగో వంతులో మేనమామ బాణం చెక్కకు తగిలింది. తగలగానే చెక్క పక్కన ఉన్న ఆయన జట్టువాళ్లు ఏడెనిమిదిమంది దాని ముందుకొచ్చి వలయంగా నిలబడ్డారు. చేతులు పైకెత్తి, నెమ్మదిగా ఒక కాలు ఎత్తి దించుతూ, పాట అందుకున్నారు. తొందర లేదు. ఎదుటి జట్టు ఆ పాట అయ్యేదాకా ఆగాల్సిందే. ఇటు చివర ఉన్న ఆయన కూడా ఒంటరిగా అదే అడుగు వేస్తున్నాడు. ఆ దూరంలో వాళ్ల పాట ఆయనకు ఎంతవరకు వినిపించిందో తెలియదు, అడుగు మాత్రం తప్పలేదు. పాట అయ్యాక ఒక కుర్రవాడు పసుపుపచ్చని గుడ్డ తెచ్చి ఆయన నడుము పట్టీలో దోపాడు. గురి తగిలిన ప్రతిసారీ ఒక రంగు గుడ్డ. సాయంత్రానికి ఎవరి నడుముకు ఎన్ని గుడ్డలు వేలాడుతున్నాయో చూస్తే వాడి రోజు ఎలా గడిచిందో తెలిసిపోతుంది.

నేను అవతలి చివరకు నడిచి వెళ్లి ఆ చెక్కను దగ్గరగా చూశాను. బాణం మొన రెండంగుళాలు లోపలికి దిగింది. లాగితే రాలేదు. ఒకతను నడుము దగ్గరి చాకు తీసి, బాణం చుట్టూ చెక్కను చిన్నచిన్న పేడులుగా లేపడం మొదలుపెట్టాడు. వేరే ఊరి జట్టు మనిషతను. ఎదుటి జట్టువాడి బాణాన్ని విరగకుండా తీయడానికి అయిదారు నిమిషాలు మోకాళ్ల మీద కూర్చుని చెమటోడ్చాడు. తీశాక మొన మీది పొట్టు గో అంచుతో తుడిచి, ఈకలు సరిచేసి, మేనమామ జట్టు కుర్రవాడికి అందించాడు. లేచి నిలబడిన మరుక్షణం అదే మనిషి ఆ జట్టులోని తర్వాతి విలుకాణ్ణి చూసి ఎగతాళి కేక వేశాడు. అతని కళ్లు కనపడవని, చెక్కను వదిలేసి తన పెళ్లాం పొయ్యికి గురిపెడుతున్నాడని. ఇవి డ్రైవరు నాకు అనువదించినవి. కొన్నింటిని అనువదించనన్నాడు.

ఎగతాళిలో ఆడవాళ్లు మగవాళ్లను మించిపోయారు. ప్రతి జట్టుకూ సొంత ఆడవాళ్ల బృందం ఉంటుంది. ఆడవాళ్ల జాతీయ దుస్తులైన కీరా కట్టుకుని, చేతులు పట్టుకుని వరసగా నిలబడి పాడుతూ ఆడతారు. తమవాళ్ల వంతు వస్తే పొగడ్త, అవతలివాళ్ల వంతు వస్తే దెప్పిపొడుపు. అప్పటికప్పుడు కట్టుకునే మాటలే ఎక్కువ. ఆ రోజు అవతలి జట్టులో ఒక బట్టతల మనిషి వాళ్లకు చిక్కాడు. అతను విల్లు ఎత్తినప్పుడల్లా పాటలో అతని నెత్తి మీద ఒక చరణం పడేది. అతను కూడా నవ్వుతూనే గురిపెట్టేవాడు, తప్పేవాడు. మూడో ఆటలో ఒకసారి సరిగ్గా నడివలయానికి కొట్టాడు. అప్పుడు విల్లు కింద పెట్టి, టోపీ తీసినట్టు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఆ ఆడవాళ్లకు వంగి దండం పెట్టాడు. రెండు జట్లూ పడీపడీ నవ్వాయి.

చింతూరు ఏజెన్సీలో కోయల భూమి పండుగ నాకు గుర్తొచ్చింది. విల్లంబులు పట్టుకుని మగవాళ్లు వేటకు వెళ్లడం, ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్లను ఆడవాళ్లు ఆటపట్టించడం అక్కడ పండుగలో భాగమే. హిమాలయాలకూ పాపికొండలకూ నడుమ ఎంత దూరం ఉన్నా, విల్లు పట్టినవాడిని నేల మీద నిలబెట్టే పని రెండు చోట్లా ఆడవాళ్లదే.

ఇప్పుడు ఆ నియమం సంగతి. ఆడవాళ్లు విల్లు తాకితే గురి తప్పుతుందన్న నమ్మకం ఊళ్లలో ఇంకా ఉంది. నాకది నచ్చలేదు. మేనమామ దగ్గరే ఆ మాట అన్నాను. ఆయన కోప్పడలేదు, "పాత మాట" అన్నాడు, అంతే. పక్కనే ఉన్న ఆయన కోడలు మాత్రం ఊరుకోలేదు. బడిలో చదివే తన కూతురు ఒలింపిక్స్ పద్ధతి విల్లుతో సాధన చేస్తోందని హిందీలో గట్టిగా చెప్పింది. ఆమె మాటకు దేశ చరిత్రే సాక్ష్యం. భూటాన్ మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది 1984లో, లాస్ ఏంజెలెస్‌కు. వెళ్లినవాళ్లంతా విలుకాళ్లే, అందులో ఆడవాళ్లూ ఉన్నారు. 2012 లండన్ దాకా ఆ దేశం ఒలింపిక్స్‌లో మరో ఆట ఆడనే లేదు. ఆ ఏడాది తుపాకీ షూటింగులో ఒక అమ్మాయి చేరింది. తర్వాత టోక్యోలో ఆహ్వానపు కోటాతో పని లేకుండా సొంతంగా అర్హత సంపాదించుకున్న మొదటి భూటానీ విలుకత్తె కర్మ. ఆడది తాకితే గురి తప్పే విల్లుతో అంత దూరం ఎవరూ వెళ్లలేరు.

పతకం ఒక్కటీ రాలేదు. జాతీయ క్రీడ అయ్యుండి, ఊరూరా ఆడుతూ, ఎందుకు రాలేదని మనం అడుగుతాం. జవాబు ఆ మైదానంలోనే దొరుకుతుంది. ఒలింపిక్స్ విలువిద్య మౌనంలో ఆడే ఆట. ఊపిరి బిగబట్టి, ఒకే దూరంలో, ఒకే పద్ధతిలో, వేలసార్లు చేసిన పనినే మళ్లీ చేయాలి. పారోలో ఆట అలాంటిది కాదు. పాట, తిట్టు, గాలి, పొగ, మందు, నవ్వు వీటన్నిటి నడుమ గురిపెట్టడం వేరే విద్య. ఒకదానితో ఇంకోదాన్ని కొలవకూడదని నా అభిప్రాయం. పతకాలు రాకపోవడం వల్ల ఆ బాచోలో ఒక్క గుడారం కూడా తగ్గలేదు.

మధ్యాహ్నం భోజనం పిలిచిన ఊరిది. పొయ్యిల దగ్గర పదిమందికి పైగా ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. ఎర్ర బియ్యం అన్నం, పంది మాంసం ఎండు ముక్కల కూర, ముల్లంగి, అన్నిటికీ మించి ఎమా దత్సి. మిరపకాయల్నే కూరగాయలుగా జున్నులో ఉడికిస్తారు. గుంటూరు కారం తిని పెరిగిన నోరు కూడా రెండో ముద్దకు నీళ్ల కోసం చూసింది. చేతిలో ఉప్పు వేసిన వెన్న టీ, పక్కన వేయించిన బియ్యం, పెద్దవాళ్లకు ఇంట్లో కాచిన ఆరా అనే సారా. రెండు జట్లూ కలిసే కూర్చున్నాయి. పొద్దుటి నుంచి ఒకరినొకరు నానామాటలు అనుకున్నవాళ్లు ఒకే పళ్లెంలో దోమా తీసుకుంటున్నారు.

వంట దగ్గర ఖర్చు గురించి అడిగాను. బియ్యం ఇంటికింత, మిరపకాయలు ఇంటికింత, జున్ను ఆవులున్న ఇళ్లది. మాంసానికి జట్టువాళ్లు తలాకొంత వేసుకున్నారు. ఓడిన జట్టు తర్వాత ఇంకో విందు పెట్టాలి. గెలిచినవాళ్లకు బహుమతి ఏమిటని అడిగితే మేనమామ కాసేపు ఆలోచించాడు. గుడ్డ తానులు, వంటపాత్రలు, ఒకసారి ఫ్రిజ్జు. తింఫూలో కంపెనీలు స్పాన్సర్ చేసే పోటీల్లో అయితే పెద్ద పెద్ద వస్తువులే ఇస్తారట. "కానీ ఇక్కడ బహుమతి కోసం ఎవరొస్తారు?" అన్నాడు.

కాంపౌండ్ విళ్ల గురించి ఆయనకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. కొడుకు ఒకటి కొన్నాడు. దాని ధరతో ఒక ఆవు వస్తుందని ఆయన బాధ. కానీ బాధ డబ్బు దగ్గర ఆగలేదు. "ఆ విల్లు ఉన్నవాడు కొడతాడు, లేనివాడు చూస్తాడు. వెదురు అడవిలో అందరికీ ఉంది." ఆయన జట్టు పెద్దలు ఊరి పందెంలో వెదురు విళ్లే వాడాలని తీర్మానించుకున్నారు. కాంపౌండ్ ఆడాలనుకునేవాళ్లకు వేరే రోజు. దేశవాళీ ఆటల కోసం ఉన్న ప్రత్యేక సంఘం కూడా వెదురు విళ్ల పోటీలు నడుపుతోంది. నేను ఆయన పక్షమే. ఆట ఖరీదైతే ఆడేవాళ్లు తగ్గుతారు, ఆడేవాళ్లు తగ్గితే వండేవాళ్లు తగ్గుతారు, చివరికి మైదానంలో బాణాలు మిగులుతాయి, మనుషులు మిగలరు.

కాంపౌండ్ విల్లును తక్కువ చేసి మాట్లాడే హక్కు తెలుగువాళ్లకు లేదన్నది కూడా నిజమే. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది ఆ విల్లుతోనే. డ్రైవరుకు ఆమె పేరు తెలుసు! మాది విజయవాడ పక్కన అని చెప్పాక నాకు ఆ రోజంతా మర్యాద పెరిగింది. ఇప్పటిదాకా ఒలింపిక్స్‌లో లేని కాంపౌండ్‌కు 2028 లాస్ ఏంజెలెస్‌లో మిక్స్‌డ్ టీం విభాగంలో చోటు దొరికింది. ఒలింపిక్స్ పద్ధతిదైన రికర్వ్ విల్లుతో బొమ్మదేవర ధీరజ్ పారిస్ వెళ్లి, అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీంలో నాలుగో స్థానం దాకా వచ్చాడు. కంచు పతకం అందినట్టే అంది జారిపోయింది. విజయవాడలో విలువిద్యకు ఊపిరి పోసిన కోచ్ చెరుకూరి లెనిన్ చిన్న వయసులోనే రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆయన కుటుంబం వోల్గా అకాడమీని నిలబెట్టింది. ఇదంతా గర్వపడాల్సిన సంగతే, నేను గర్వపడుతున్నాను కూడా.

కానీ విజయవాడలో ఎంతమంది ఒక విలువిద్య పోటీని కళ్లారా చూశారు? పతకం వచ్చిన రోజు పేపర్లో ఫోటో చూస్తాం. సురేఖ పొద్దున్నే ఏ మైదానంలో నిలబడి బాణాలు వేస్తుందో, ఎన్ని మీటర్లకు వేస్తుందో పక్క వీధివాళ్లకు తెలియదు. మన దగ్గర విలుకాళ్లున్నారు, విల్లు చుట్టూ ఊరు లేదు. భూటాన్‌లో ఊరు ఉంది, పతకం లేదు. రెండూ ఒకచోట ఉండకూడదన్న శాసనం ఎక్కడా లేదు.

పొద్దు వాలేసరికి మూడో ఆటలో మేనమామ జట్టుకు 23, అవతలివాళ్లకు 22. ఎండ కొండ మీదికి ఎక్కేసింది, మైదానం మీద చలి దిగింది. ఆఖరి బాణాలు దాదాపు నీడలోనే వేశారు. అవతలి జట్టులో అంతదాకా పెద్దగా పలకని కుర్రవాడొకడు నడివలయానికి కొట్టాడు. 25. పందెం అయిపోయింది. ఓడిన జట్టు పిలిచిన జట్టే. అంటే వంట కూడా వాళ్లదే, ఓటమి కూడా వాళ్లదే, వచ్చే విందు కూడా వాళ్లదే. మేనమామ ముఖంలో దిగులు కోసం చూశాను. ఆయన అప్పటికే గెలిచిన కుర్రవాడి దగ్గరకు వెళ్లి, వాడి విల్లు తీసుకుని, పిడి దగ్గర కట్టు ఎంత బిగువుగా ఉందో వేలితో నొక్కి చూస్తున్నాడు. ఎవరు కట్టారని అడిగాడు. తాత కట్టాడన్నాడు వాడు. తాత పేరు చెప్పగానే "వాడితో నేను ఆడాను" అన్నాడు ముసలాయన.

చివర అందరూ మైదానం మధ్యలో పెద్ద వలయంగా నిలబడ్డారు. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. నెమ్మదిగా అడుగులేస్తూ వీడ్కోలు పాట పాడారు. డ్రైవరు నన్నూ లాగాడు. అడుగు తేలికైనదే, రెండు చుట్లు తిరిగేసరికి వచ్చేసింది.

భూటాన్ వెళ్లేవాళ్లకు ఒక మాట. కోతలయ్యాక గానీ లోసార్ రోజుల్లో గానీ వెళ్లండి, పారోలోనో పునాఖాలోనో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి, ఎక్కడ పందెం ఉందో డ్రైవరును అడగండి. గురిచెక్క వైపు పోకండి, గుడారాల పక్కనే కూర్చోండి. కింద పెట్టిన విల్లును దాటకండి. పెట్టింది తినండి, దోమా కొని అందరికీ పంచండి.

ఇంకో మాట మన విలువిద్య సంఘాలకు. జిల్లా పోటీలు, సెలక్షన్లు మీరు చేస్తూనే ఉన్నారు. ఏడాదికి ఒక్క ఆదివారం, సంక్రాంతి రోజుల్లో అయితే మరీ మంచిది, ఒక ఊరి చెరువు గట్టు కిందనో బడి మైదానంలోనో రక్షణ ఏర్పాట్లన్నీ చేసి విళ్లు ఎక్కుపెట్టండి. మన్యం నుంచి కోయ విలుకాళ్లను, నల్లమల నుంచి చెంచులను గౌరవంగా పిలవండి. పతకాలు తెచ్చిన పిల్లలను వాళ్ల పక్కన నిలబెట్టండి. ఆడపిల్లల చేతికి విల్లు ముందు ఇవ్వండి. ఊరివాళ్లతోనే వంట చేయించండి. ఖర్చు గురించి భయపడకండి, ఇంటికి సోలెడు బియ్యం చొప్పున అడిగితే ఏ ఊరూ కాదనదు.